చుంచెలుక మెదడు నిండా అమిలాయిడ్ పేరుకున్నా నాడీకణాలు ఎందుకు నిలబడుతున్నాయి? నా ప్రయోగానికి ఏ నమూనా సరైనది?

ప్రశ్న
పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. నేను జీవరసాయన శాస్త్రంలో పిహెచ్‌డి మొదటి సంవత్సరంలో ఉన్నాను. అమిలాయిడ్ బీటా ప్రోటీన్ ముద్దకట్టి తంతువులుగా మారడాన్ని మా ల్యాబ్‌లో తయారుచేసిన ఒక చిన్న అణువు బాగా నెమ్మదింపజేస్తోందని థయోఫ్లేవిన్ పరీక్షలో, అంటే తంతువులకు అంటుకుని మెరిసే రంగుతో చేసే పరీక్షలో, పదేపదే కనిపించింది. దాన్ని ఇక జంతువులో పరీక్షించాలని మా గైడ్‌గారు నిర్ణయించి, 5ఎక్స్‌ఫాడ్ అనే జన్యుమార్పిడి చుంచెలుకలతో ప్రయోగ ప్రణాళిక రాసుకురమ్మన్నారు.

చదవడం మొదలుపెట్టిన దగ్గరనుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. మామూలు చుంచెలుక ఎంత ముసలిదైనా దాని మెదడులో ప్లాక్‌లు, అంటే పేరుకున్న అమిలాయిడ్ ముద్దలు, ఏర్పడవు. దాని అమిలాయిడ్ బీటాకు, మనిషి అమిలాయిడ్ బీటాకు మూడు అమైనో ఆమ్లాల తేడా ఉండటం అందుకు ఒక కారణమని చదివాను. అందుకే మనిషి జన్యువులను, అదీ చిన్న వయసులోనే వంశపారంపర్యంగా అల్జీమర్స్ తెచ్చే ఉత్పరివర్తనాలతో సహా, చుంచెలుకలో పెడుతున్నారు. 5ఎక్స్‌ఫాడ్‌లో అలాంటివి ఎపిపి (అమిలాయిడ్ బీటా ఏ ప్రోటీన్ నుంచి తెగి వస్తుందో దాని) జన్యువులో మూడు, ఆ తెంపడంలో పాలుపంచుకునే ప్రెసెనిలిన్-1 జన్యువులో రెండు ఉండటం వల్ల రెండు నెలల వయసుకే ప్లాక్‌లు మొదలవుతాయి. అయినా ఆ మెదడులో టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుముళ్లు ఏర్పడవు, నాడీకణాల నష్టం కూడా మనిషిలో కనిపించే స్థాయికి ఏ మాత్రం చేరదు. పైగా మనుషుల్లో ఈ వంశపారంపర్య రకం నూటికి ఒక్కరిలో కూడా ఉండదు.

చుంచెలుకల్లో పనిచేసిన మందులు మనుషుల్లో వరుసగా విఫలమయ్యాయి కాబట్టి ఇలాంటి ప్రయోగాలకు అర్థమే లేదని మా సీనియర్ ఒకరు తేల్చి చెప్పారు. అంత మాట ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు, అలాగని కాదనడానికి తగిన జ్ఞానమూ నా దగ్గర లేదు. ప్రోటీన్ ఇంతగా పేరుకున్నా చుంచెలుక నాడీకణాలు ఎందుకు చనిపోవడం లేదు? మా అణువులాంటి దానికి 5ఎక్స్‌ఫాడ్ సరిపోతుందా, లేక మరో నమూనా మేలా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు 1
నాడీశాస్త్ర పరిశోధకుడు, బెంగళూరు:

నమస్కారమండీ. ఈ చుంచెలుకలతో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ సందేహం న్యాయమైనదే, కానీ మీ సీనియర్ తీసుకెళ్లినంత దూరం దాన్ని తీసుకెళ్లనక్కరలేదు. అల్జీమర్స్ వ్యాధి మొదటినుంచి చివరిదాకా వచ్చే చుంచెలుక ఇంతవరకు లేదు. మనిషి మెదడులో మతిమరుపు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందునుంచే అమిలాయిడ్ బీటా నాడీకణాల వెలుపల పేరుకుంటూ వస్తుంది. ఆ తర్వాత టౌ ప్రోటీన్ నాడీకణాల లోపల చిక్కుముళ్లు కట్టి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ పరిసరాల నుంచి మెదడు పైపొర అయిన కార్టెక్స్ అంతటికీ పాకుతుంది. నాడీకణాల మరణం, జ్ఞాపకశక్తి క్షీణించడం ఈ రెండో దశతోనే ఎక్కువగా ముడిపడి ఉంటాయి. 5ఎక్స్‌ఫాడ్ వీటిలో మొదటి దశను మాత్రమే, అదీ ఎంతో వేగవంతం చేసి, చూపిస్తుంది. మీ అణువు పనిచేయాల్సింది కూడా ఆ దశలోనే. అందువల్ల "బతికున్న మెదడులో అమిలాయిడ్ ముద్దకట్టడాన్ని ఇది తగ్గిస్తుందా" అని అడిగితే 5ఎక్స్‌ఫాడ్ నుంచి నమ్మదగిన జవాబు వస్తుంది. "ఇది అల్జీమర్స్‌ను నయం చేస్తుందా" అని అడిగితే ఏ చుంచెలుకా జవాబు చెప్పలేదు. ప్రణాళికలోనూ, రేపు మీరు ప్రచురించబోయే పరిశోధన పత్రం శీర్షికలోనూ మొదటి ప్రశ్నే ఉండాలి.

ఇక నాడీకణాలు ఎందుకు నిలబడుతున్నాయన్న ప్రశ్న. 5ఎక్స్‌ఫాడ్‌లో నష్టం అసలే లేదనడం సరికాదు. కార్టెక్స్ ఐదో పొరలోనూ, హిప్పోకాంపస్‌ను ఆనుకుని ఉండే సుబిక్యులంలోనూ కొంత నాడీకణ నష్టం నమోదైంది. కానీ 1995లో వచ్చిన పిడిఎపిపి, 1996లో వచ్చిన టిజి2576 వంటి తొలి నమూనాల్లో ప్లాక్‌లు విపరీతంగా ఉన్నా నాడీకణాల నష్టం పెద్దగా లేదు. రెండు మూడేళ్లు మాత్రమే బతికే జంతువుకు, దశాబ్దాలపాటు సాగే ఈ ప్రక్రియ ముగింపుదాకా చేరే వ్యవధి ఉండదన్నది ఒక వివరణ. రెండోది టౌకు సంబంధించినది. ఎదిగిన మనిషి మెదడులో టౌ, దాని గొలుసులో ఒక భాగం మూడుసార్లు పునరావృతమయ్యే (మూడు పునరావృతాలున్న) రూపంలోనూ, నాలుగు పునరావృతాలున్న రూపంలోనూ ఉంటుంది. ఎదిగిన చుంచెలుక మెదడులో నాలుగు పునరావృతాల రూపం ఒక్కటే ఉంటుంది. టౌ చిక్కుముళ్లు కావాలంటే పిఎస్19 వంటి నమూనాల్లోలాగా ఉత్పరివర్తనం చెందిన మనిషి టౌను పెట్టాల్సి వస్తోంది. పిఎస్19లోని పి301ఎస్ ఉత్పరివర్తనం మనుషుల్లో తెచ్చేది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే మరో వ్యాధి తప్ప అల్జీమర్స్ కాదు. 2001లో అమిలాయిడ్ నమూనాను టౌ నమూనాతో సంకరం చేసినప్పుడు చిక్కుముళ్లు పెరిగాయి. 2007లో మరో అమిలాయిడ్ నమూనాలో చుంచెలుక సొంత టౌను తగ్గించగానే ప్లాక్‌లు ఎన్ని ఉన్నాయో అన్నీ అలాగే ఉన్నా జ్ఞాపకశక్తి లోపం కనబడకుండా పోయింది. అమిలాయిడ్ ముందు, టౌ తర్వాత అన్న వరుసను నిలబెట్టిన ఈ ఆధారాలు చుంచెలుకల దగ్గర దొరికినవే.

మూడో వివరణ నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. బెల్జియంలోని ల్యూవెన్‌లో బార్ట్ డి స్ట్రూపర్ బృందం మూలకణాల నుంచి పెంచిన మనిషి నాడీకణాలను అమిలాయిడ్ పేరుకునే చుంచెలుకల మెదడులో నాటింది. 2023లో వారు ప్రకటించిన ఫలితం ప్రకారం, ఒకే మెదడులో, అవే ప్లాక్‌ల పక్కన ఉన్న చుంచెలుక నాడీకణాలు తట్టుకుని నిలబడ్డాయి. మనిషి నాడీకణాలు టౌ చిక్కుముళ్లు కట్టి చనిపోయాయి. ఆ మనిషి కణాల్లో మెగ్3 అనే ఆర్‌ఎన్‌ఏ బాగా పెరిగిందని, అది నెక్రోప్టోసిస్ అనే మరణ మార్గాన్ని నడిపిస్తోందని, ఆ మార్గాన్ని అడ్డుకుంటే కణాలు బతికాయని వారు చూపించారు. అంటే పరిసరాలు ఒకటే అయినా ప్రతిస్పందన జాతిని బట్టి మారుతోంది. ఈ తేడాను స్పష్టంగా పట్టుకోవడానికి కూడా చుంచెలుక మెదడే వేదిక అయింది.

మీ ఎంపిక విషయంలో ఎవరూ అంతగా పట్టించుకోని ఒక అంశం చెబుతాను. 5ఎక్స్‌ఫాడ్‌లోని ఎపిపి ఉత్పరివర్తనాలు మూడూ, అంటే స్వీడిష్, ఫ్లోరిడా, లండన్, అమిలాయిడ్ బీటా ముక్కకు వెలుపల ఉన్నాయి. అందువల్ల అక్కడ తయారయ్యే అమిలాయిడ్ బీటా మామూలు మనిషిదే. పెరిగేది దాని మోతాదు, అందులో 42 అమైనో ఆమ్లాల రూపం వాటా. అయితే ఎపిపి మొత్తంగానే అవసరానికి మించి తయారవుతుంది కాబట్టి, అమిలాయిడ్ వల్ల జరిగేదేదో, ఎపిపి ఎక్కువవడం వల్ల జరిగేదేదో విడదీయడం కష్టం. ఆ లోపం సరిదిద్దడానికే జపాన్‌లోని రికెన్ సంస్థలో తకావోమి సైదో బృందం 2014లో చుంచెలుక సొంత ఎపిపి జన్యువులోనే మార్పులు చేసి, ఎపిపి మోతాదు సహజస్థాయిలో ఉండే నమూనాలను తెచ్చింది. వాటిలో ఎన్‌ఎల్-జి-ఎఫ్ అనే దాన్ని ప్లాక్‌లు త్వరగా వస్తాయని చాలామంది వాడతారు. కానీ అందులోని ఆర్కిటిక్ ఉత్పరివర్తనం అమిలాయిడ్ బీటా లోపలే ఉండటం వల్ల ఆ ప్రోటీన్ ఆకృతి, అది ముద్దకట్టే తీరు, మందులు దానికి అంటుకునే తీరు అన్నీ మారిపోతాయి. అమిలాయిడ్ బీటాకు నేరుగా అంటుకునే మీ అణువును అక్కడ పరీక్షించడం మంచిది కాదు. ఆర్కిటిక్ లేని ఎన్‌ఎల్-ఎఫ్ నమూనా మీకు అనువైనది, అయితే ప్లాక్‌ల కోసం నెలల తరబడి ఎక్కువ కాలం వేచి ఉండాలి. 2022లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసినప్పుడు, ఎన్‌ఎల్-ఎఫ్ మెదడులోని తంతువులు మనిషి మెదడులో కనిపించే రెండు రకాల అమిలాయిడ్ తంతువుల్లో రెండో రకాన్ని పోలి ఉన్నాయి. సాధారణంగా వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్‌లో ప్రధానంగా ఉండేది మొదటి రకం. తంతువు ఆకృతిని బట్టి పనిచేసే అణువుకు ఈ తేడా చిన్నది కాదు. మీ అణువు తంతువులు ఏర్పడకముందు పనిచేస్తుందో, ఏర్పడిన తంతువుకు అంటుకుని పనిచేస్తుందో ముందు తేల్చుకోండి. నమూనా ఎంపిక దానిమీదే ఆధారపడుతుంది.

జవాబు 2
నరాల వైద్యుడు, విశాఖపట్నం:

అమ్మా, పై జవాబు చాలా చక్కగా ఉంది. నేను రోగుల వైపు నుంచి రెండు మాటలు చేరుస్తాను. మీ సీనియర్ అన్న "వరుసగా విఫలమయ్యాయి" అన్న మాట నిజమే కానీ, ఆ వైఫల్యాల్లో చుంచెలుకల పాత్ర ఎంత, వాటి ఫలితాన్ని మనం చదివిన తీరు ఎంత అన్నది విడదీసి చూడాలి.

1999లో డేల్ షెంక్ బృందం పిడిఎపిపి చుంచెలుకలకు అమిలాయిడ్ బీటానే టీకాగా ఇచ్చింది. చిన్న వయసులో ఇస్తే ప్లాక్‌లు దాదాపుగా ఏర్పడలేదు, ఏర్పడిన తర్వాత ఇస్తే తగ్గాయి. ఎంతో ఆశతో ఎఎన్1792 అనే పేరుతో దాన్ని మనుషుల్లో మొదలుపెడితే, టీకా తీసుకున్నవారిలో సుమారు 6 శాతం మందికి మెదడు, దాని పొరలు వాచిపోవడంతో 2002లో ఆపేయాల్సి వచ్చింది. చుంచెలుకల్లో ఆ వాపు కనిపించలేదు. ఇక్కడ నమూనా మనల్ని హెచ్చరించలేకపోయింది. మనిషి రోగనిరోధక వ్యవస్థ, ముఖ్యంగా టి కణాలు, ప్రతిస్పందించే తీరు వేరు. అయితే ఆ ప్రయోగంలో పాల్గొని తర్వాతి సంవత్సరాల్లో మరణించిన కొందరి మెదళ్లను పరిశీలించిన ఫలితాలు 2008లో వచ్చాయి. ప్లాక్‌లు చాలావరకు తొలగిపోయినవారు కూడా తీవ్రమైన మతిమరుపుతోనే మరణించారని వాటిలో తేలింది. అంటే ప్లాక్‌లు తొలగుతాయని చుంచెలుక చెప్పినది మనిషిలో నిజమైంది. జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని మనం దానికి చేర్చుకున్న ఆశ నిజం కాలేదు.

మరో ఉదాహరణను చాలామంది మరచిపోతారు. మెదడు రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ పేరుకునే ఎపిపి23 అనే ముసలి చుంచెలుకలకు అమిలాయిడ్‌ను తొలగించే యాంటీబాడీలు ఇస్తే మెదడులో రక్తస్రావాలు పెరుగుతున్నాయని 2002లోనే ప్రచురితమైంది. ఈనాడు అలాంటి యాంటీబాడీ మందులైన లెకనెమాబ్, డొనానెమాబ్ ఇచ్చేటప్పుడు ఎమ్మారైలో మేము భయపడుతూ వెతికేది సరిగ్గా అలాంటి ప్రమాదాన్నే. మెదడు వాపు, సూక్ష్మ రక్తస్రావాల ఆనవాళ్లు కనిపిస్తే మందు ఆపాల్సి రావచ్చు. అల్జీమర్స్ ముప్పును పెంచే అపోఇ4 జన్యురూపం రెండు ప్రతులున్నవారిలో ఆ ముప్పు మరీ ఎక్కువ. జంతువు ఇచ్చిన హెచ్చరికను అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉంటే బాగుండేదని ఒక వైద్యుడిగా నాకు బలంగా అనిపిస్తుంది.

లెకనెమాబ్ కథ మొదలైంది స్వీడన్‌లో లార్స్ లాన్‌ఫెల్ట్ బృందం ఒక కుటుంబంలో ఆర్కిటిక్ ఉత్పరివర్తనాన్ని గుర్తించడంతో. ఆ ఉత్పరివర్తనం వల్ల ప్రోటోఫిబ్రిల్స్, అంటే పూర్తి తంతువులుగా మారకముందరి కరిగే ముద్దలు, ఎక్కువవుతాయని తెలియడం, వాటిని పట్టుకునే యాంటీబాడీని చుంచెలుకలో తయారుచేసి, చుంచెలుకల్లోనే పరీక్షించి, తర్వాత మనిషికి తగినట్టు మార్చడం జరిగింది. 1795 మందితో 18 నెలలు సాగిన పరీక్షలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. 18 పాయింట్ల కొలమానంలో అది 0.45 పాయింట్ల తేడా. కుటుంబ సభ్యులు ఈ అంకెలు చూసి ఎంతో ఆశపడతారు. జబ్బు ఆగదని, నెమ్మదిస్తుందని, అదీ తొలిదశలో ఉన్నవారికేనని వారికి వివరించడం నా పనిలో కష్టమైన భాగం. మీరు రేపు మీ ఫలితాలు రాసేటప్పుడు ఆ కుటుంబాలు కూడా వాటిని చదువుతాయని గుర్తుంచుకోండి.

జవాబు 3
ఈగలు, నులిపురుగులతో పనిచేసే పరిశోధకురాలు:

చర్చ అంతా చుంచెలుకల చుట్టూ తిరుగుతోంది కాబట్టి, విద్యార్థిని గారికి ఉపయోగపడే ఒక హెచ్చరిక మా వైపు నుంచి చెబుతాను. మైక్రోస్కోపు కింద కంటికి కనిపించే ముద్దే విషపూరితమైనదని ముందే నిర్ణయించుకోకండి.

2001లో మనిషి టౌను పండ్ల ఈగలో పెట్టినప్పుడు దాని నాడీకణాలు క్షీణించాయి, ఈగలు త్వరగా చనిపోయాయి, కానీ చిక్కుముళ్లు ఏర్పడలేదు. 2005లో మనిషి టౌ పెట్టిన ఆర్‌టిజి4510 అనే చుంచెలుకల్లో, మందు ఇచ్చి టౌ ఉత్పత్తిని తగ్గించగానే జ్ఞాపకశక్తి మెరుగైంది, నాడీకణాల నష్టం ఆగింది. చిక్కుముళ్లు మాత్రం పెరుగుతూనే పోయాయి. హంటింగ్టన్ వ్యాధి విషయంలో 2004లో పెంపకంలోని ఎలుక నాడీకణాలను ఒక్కొక్కటిగా గమనిస్తే, ముద్దలు ఏర్పడిన కణాలే ఏర్పడనివాటికన్నా ఎక్కువకాలం బతికాయి. చెదిరిపోయి కరిగి ఉన్న చిన్న ముద్దలే అసలు హాని చేస్తున్నాయేమో, పెద్ద ముద్దగా కట్టడం కణం చేసుకునే రక్షణేమో అన్న ఆలోచన ఇలాంటి ఫలితాల నుంచే బలపడింది. మీ అణువు పెద్ద తంతువులను ఆపి, వాటి బదులు కరిగే ముద్దలను పెంచుతుంటే ప్లాక్‌ల సంఖ్య తగ్గినా జంతువుకు కీడే జరగవచ్చు. కాబట్టి మెదడు కణజాలంలో కరిగే అమిలాయిడ్‌ను కూడా విడిగా కొలవండి.

ఆర్‌టిజి4510 గురించి చెప్పాను కాబట్టి దాని తర్వాతి కథ కూడా చెప్పాలి. చొప్పించిన జన్యువులు వెళ్లి చేరిన చోట చుంచెలుక సొంత ఎఫ్‌జిఎఫ్14 జన్యువు దెబ్బతిన్నదని, ఆ మెదడు కుంచించుకుపోవడంలో దాని వాటా కూడా ఉందని 2019లో బయటపడింది. అప్పటికే ఎన్నో ప్రయోగశాలలు ఆ నష్టమంతా టౌ వల్లేనని రాసి ఉన్నాయి. ఏ నమూనా తీసుకున్నా, చొప్పించిన జన్యువు ఎక్కడ కూర్చుందో చదివి తెలుసుకోవడం తప్పనిసరి.

చుంచెలుకకన్నా ముందు సి. ఎలిగాన్స్ నులిపురుగులో మీ అణువును చూడటం కూడా ఆలోచించండి. దాని శరీరం పారదర్శకం కాబట్టి, మెరిసే ప్రోటీన్ జతచేస్తే బతికున్న పురుగులోనే ముద్దలు కట్టడం కనిపిస్తుంది. దాని ఆయుష్షు మూడు వారాలే. కండరాల్లో అమిలాయిడ్ బీటా తయారై పక్షవాతం వచ్చే పురుగులు 1995 నుంచే ఉన్నాయి. పార్కిన్‌సన్స్‌కు సంబంధించిన ఆల్ఫా సిన్యూక్లిన్ జన్యువు ఈగలో అసలే లేదు. అయినా మనిషి జన్యువును పెట్టిన ఈగల్లో 2000లో డోపమైన్ నాడీకణాలు నశించడం, లోపల ముద్దలు ఏర్పడటం కనిపించాయి. ఆ ఈగల్లో హెచ్‌ఎస్‌పి70 అనే సహాయక ప్రోటీన్‌ను పెంచితే నాడీకణాలు బతికాయని రెండేళ్ల తర్వాత తెలిసింది. పురుగుల్లో, ఈగల్లో విషప్రభావం గురించి తొలి అంచనా దొరుకుతుంది. మనిషి మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు, రక్తనాళాల గోడలు అక్కడ లేవు కాబట్టి అంతకుమించి చెప్పగలమనుకోకూడదు.

ఇంకొకటి, థయోఫ్లేవిన్ పరీక్ష గురించి. రంగు ఉన్న చిన్న అణువులు, ఉదాహరణకు పసుపులోని కర్క్యుమిన్, థయోఫ్లేవిన్ వెలుగును తామే మింగేసి గానీ, దాని స్థానంలో తంతువుకు అంటుకుని గానీ ముద్దకట్టడం తగ్గినట్టు భ్రమ కలిగించగలవు. మీరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తంతువులు నిజంగా తగ్గాయని చూశారా? చూడకపోతే ఒక్క జంతువును ముట్టుకోకముందే అది చేయండి.

విద్యార్థిని జవాబు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పరిశీలన ఇంకా చేయలేదు, గైడ్‌గారితో మాట్లాడి వెంటనే మొదలుపెడతాను. మా సంస్థలో ఇప్పటికే 5ఎక్స్‌ఫాడ్ కాలనీ ఉన్నందున మొదటి ప్రయోగం వాటితోనే చేసి, ఫలితం ఆశాజనకంగా ఉంటే ఎన్‌ఎల్-ఎఫ్‌లో మళ్లీ పరీక్షించాలన్న ఆలోచన వచ్చింది. బెంగళూరు పరిశోధకులు గారిని ఇంకో మూడు విషయాలు అడగాలి. అణువును ఏ వయసులో మొదలుపెట్టాలి? నీటి తొట్టెలో, దాచిన గట్టును చుంచెలుక గుర్తుంచుకుని చేరుతుందో లేదో చూసే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాలా? జంతువుల సంఖ్య విషయంలో ఎథిక్స్ కమిటీకి ఏమని రాయాలి?

జవాబు 4
నాడీశాస్త్ర పరిశోధకుడు, బెంగళూరు:

వయసు గురించి అడగడం మంచిదైంది, ఎందుకంటే ఈ రంగంలో ఫలితాలను ఎక్కువగా తప్పుదారి పట్టించింది అదే. 5ఎక్స్‌ఫాడ్‌లో ఆరు వారాల వయసులో మందు మొదలుపెడితే మీరు పరీక్షిస్తున్నది నివారణను. ఆరు నెలల వయసులో మొదలుపెడితే అప్పటికే ప్లాక్‌లతో నిండిన మెదడుకు చికిత్సను. డాక్టరుగారి దగ్గరికి వచ్చే రోగి రెండో స్థితిలోనే ఉంటాడు. కానీ ప్రచురితమైన చుంచెలుక ప్రయోగాల్లో చాలావరకు మొదటి రకానివే, వాటినే చికిత్స అని రాసేశారు. మీ అణువు కొత్తగా ముద్దకట్టడాన్ని ఆపేదే తప్ప ఉన్నదాన్ని కరిగించేది కాకపోతే రెండో స్థితిలో ఫలితం రాకపోవచ్చు. అది అణువు వైఫల్యం కాదు, దాని పనితీరుకున్న హద్దు. రెండు వయసుల్లోనూ పరీక్షించి, రెండు ఫలితాలనూ ప్రచురించమని నా సలహా.

నీటి తొట్టె పరీక్ష పెట్టేముందు మీ కాలనీ జన్యు నేపథ్యాన్ని తప్పనిసరిగా కనుక్కోండి. 5ఎక్స్‌ఫాడ్‌ను మొదట తయారుచేసింది బి6, ఎస్‌జెఎల్ అనే రెండు ప్రయోగశాల చుంచెలుక జాతుల సంకర నేపథ్యంలో. ఎస్‌జెఎల్ జాతిలో ఆర్‌డి1 అనే ఉత్పరివర్తనం ఉంటుంది. దాని రెండు ప్రతులు వచ్చిన చుంచెలుక రెటీనా పుట్టిన కొద్ది వారాలకే క్షీణించి అది గుడ్డిదవుతుంది. గుడ్డి జంతువు నీటిలో గట్టును వెతుక్కోలేకపోతే దాన్ని మతిమరుపుగా లెక్కగట్టిన ప్రయోగాలు లేకపోలేదు. ప్రతి జంతువుకూ ఆర్‌డి1 పరీక్ష చేయండి, లేదా పూర్తిగా బి6 నేపథ్యంలోకి మార్చిన కాలనీని వాడండి. ఎప్పుడైనా టౌ నమూనాలకు మారితే ఇలాంటిదే మరొక చిక్కు ఉంది. పిఎస్19 చుంచెలుకలకు వయసు పెరిగేకొద్దీ వెనుక కాళ్లు చచ్చుబడతాయి కాబట్టి అవి ఈదలేకపోవడాన్ని మతిమరుపుగా అనుకోకూడదు. నా అభిప్రాయంలో మీ మొదటి ప్రయోగానికి జ్ఞాపకశక్తి పరీక్ష అవసరమే లేదు. అమిలాయిడ్ మోతాదు, కరిగే రూపం, కరగని రూపం విడివిడిగా, ప్లాక్‌ల చుట్టూ మైక్రోగ్లియా స్పందన, ఇవి చాలు.

ఆడ, మగ జంతువులను విడివిడిగా విశ్లేషించడం మానకండి. 5ఎక్స్‌ఫాడ్‌లో ఆడవాటి మెదడులో అమిలాయిడ్ గణనీయంగా ఎక్కువ. చొప్పించిన జన్యువును నడిపించే థై1 ప్రమోటర్‌లో ఈస్ట్రోజన్‌కు స్పందించే భాగం ఉండటం అందుకు ఒక కారణం కావచ్చు. మందిచ్చిన గుంపులో మగవి, ఇవ్వని గుంపులో ఆడవి కాస్త ఎక్కువైతే చాలు, ఏమీ చేయని అణువు కూడా అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఏ జంతువు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, ప్లాక్‌లు లెక్కించేవారికి ఆ వివరం తెలియకుండా చూడండి.

కమిటీ విషయానికి వస్తే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ఏర్పడిన సిసిఎస్‌ఇఎ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే ప్రభుత్వ కమిటీ) నిబంధనల ప్రకారం మీ సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీకి ఫారం బి సమర్పించాలి. అందులో సంఖ్యకు ఆధారం అడుగుతారు. "ఇతరులు గుంపుకు పది వాడారు" అని రాస్తే అది ఆధారం కాదు. మీ సంస్థ కాలనీలోనే ఇంతకుముందు కొలిచిన అమిలాయిడ్ మోతాదులు ఒక్కో జంతువుకూ ఎంత మారుతున్నాయో తీసుకుని, ఎంత తగ్గుదలను మీరు అర్థవంతమైనదిగా భావిస్తారో ముందే ప్రకటించి, దాన్నిబట్టి లెక్క కట్టండి. మరీ తక్కువ జంతువులతో చేసి ఏమీ తేలని ప్రయోగం కూడా ఆ జంతువులను వృథా చేయడమే.

అదే ఫారంలో ప్రయోగాన్ని రెండు దశలుగా రాయండి. మొదటి దశలో ఏ ఉత్పరివర్తనమూ లేని కొద్దిపాటి మామూలు చుంచెలుకలకు మీ అణువును ఇచ్చి, రక్తం నుంచి మెదడులోకి ఎంత చేరుతోందో, ఎన్ని గంటలు నిలుస్తోందో కొలవండి. పరీక్షనాళికలో మీరు వాడిన మోతాదుకు దరిదాపుల్లోకి మెదడులో అది చేరకపోతే రెండో దశ అనుమతి అడగకుండానే ఆగి, అణువు నిర్మాణాన్ని మార్చుకోవచ్చు. అప్పుడు ఒక్క 5ఎక్స్‌ఫాడ్ జంతువును కూడా వాడాల్సిన అవసరం రాదు.